రోహిణి కార్తెకు నిలవవలసిన క్రీము: ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, మొదటి వారం

ఈ పనికి పెట్టుకున్న లక్ష్యం చిన్నదే. నువ్వుల నూనెతో, జిడ్డు తక్కువగా, ముఖానికీ చేతులకూ రాసుకోదగిన ఒక క్రీమును తయారు చేయాలి; అది ఫ్రిజ్ ముఖం చూడకుండా విజయవాడ వేసవిని దాటాలి. పుస్తకాల్లో దొరికే ఫార్ములాలు చాలావరకు చల్లని దేశాల్లో పుట్టినవి కనుక వాటిలో గది ఉష్ణోగ్రత అంటే 20 నుంచి 25 డిగ్రీలు అని అర్థం. మా పటమటలో మే నెల మధ్యాహ్నం బయట 45 డిగ్రీలను తాకే రోజులు ఉంటాయి. రేకుల కప్పు ఉన్న కొట్టుగదిలోనూ, ఎండలో నిలిపిన ఆటోలోనూ వేడి అంతకన్నా ఎక్కువే. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. సౌందర్య సాధనాల పరిశ్రమ 45 డిగ్రీల వద్ద చేసే పరీక్షను త్వరిత పరీక్ష అంటుంది, అక్కడ మూడు నెలలు నిలిచినదాన్ని మామూలు గదిలో రెండేళ్ళు నిలుస్తుందని లెక్క వేస్తుంది. అది వాడుక లెక్కే తప్ప నియమం కాదు. పైగా మనకు ఆ వేడి పరీక్ష కాదు, మామూలు నిల్వ.

పరికరాల విషయంలో ఆడంబరానికి పోలేదు. గ్రాములో నూరో వంతును చూపే తూకం, ఇండక్షన్ పొయ్యి, వేడినీళ్ళ గిన్నెలో దించడానికి రెండు స్టీలు పాత్రలు, హ్యాండ్ బ్లెండర్, డిజిటల్ థర్మామీటరు, ఆమ్ల క్షార గుణాలను కొలిచే పీహెచ్ మీటరు ఉన్నాయి. 45 డిగ్రీల గది కోసం థర్మోకోల్ పెట్టెలో బల్బు అమర్చి, కోడిగుడ్లు పొదిగే పెట్టెలకు వాడే థర్మోస్టాట్ తగిలించాను. గుంటూరులో బి.ఫార్మసీ చదువుతున్న మేనకోడలు కాలేజీ ల్యాబులో మైక్రోస్కోపు కింద చూడడానికీ, సెంట్రిఫ్యూజులో తిప్పడానికీ అనుమతి తీసుకుంది.

నీటి సంగతిని మొదటే తేల్చుకున్నాను. క్రీములో ముప్పాతిక భాగం నీరే అయినప్పుడు ఆ నీటిలో ఏముందో తెలియకుండా మిగిలినవాటిని మిల్లీగ్రాముల వరకు తూచి ప్రయోజనం లేదు. మా వీధి బోరు నీటితో సబ్బు నురగ రావడమే గగనం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు, నూనెనూ నీటినీ కలిపి ఉంచే స్టియరేటు సబ్బును పట్టుకుని నీటిలో కరగని తెట్టుగా మారుస్తాయి, ఆ తెట్టు నీటిలో నూనె సన్నని బొట్లుగా ఉండే మిశ్రమాన్ని, అంటే ఎమల్షన్‌ను, నిలపకపోగా నూనెలో నీరు ఉండే రకం వైపు లాగుతుంది. అందువల్ల డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడుతున్నాను. దానికి 0.1% డైసోడియం ఈడీటీఏ చేర్చితే, ముడిసరుకుల వెంట వచ్చే ఇనుము, రాగి అయాన్లను అది కట్టేస్తుంది, నూనె కంపు కొట్టడం ఆలస్యమవుతుంది.

ఫిబ్రవరి, నెలాఖరు

పోల్చి చూడడానికి ముందుగా పాత పద్ధతి వానిషింగ్ క్రీమును చేశాను. నూరు గ్రాములకు 15 గ్రాముల స్టియరిక్ ఆమ్లం, 1.5 గ్రాముల ట్రైఇథనాలమీన్ అనే క్షారం, 8 గ్రాముల గ్లిజరిన్ వేసి మిగిలినది నీటితో నింపాను. ఈ పాళ్ళలో స్టియరిక్ ఆమ్లంలో దాదాపు అయిదో వంతు మాత్రమే సబ్బుగా మారుతుంది. ఆ సబ్బే నూనెనూ నీటినీ కలిపి ఉంచే ఎమల్సిఫయర్, మారకుండా మిగిలిన ఆమ్లం చిన్న పలకలుగా గట్టిపడి క్రీముకు ముత్యపు మెరుపును ఇస్తుంది. చూడముచ్చటగా వచ్చింది, చేతికి రాస్తే క్షణంలో మాయమైంది. అయితే పీహెచ్ 8 దాటింది. చర్మం పైపొర పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని తగ్గిద్దామని ఒక చిన్న భాగంలో సిట్రిక్ ఆమ్లపు ద్రావణాన్ని చుక్కలుగా వేస్తే సబ్బు తిరిగి స్టియరిక్ ఆమ్లమైపోయింది, క్రీము పలుకులు పలుకులుగా విరిగింది. ఇది ఊహించినదే; కంటితో చూడడం కోసమే చేశాను.

మేనకోడలికి ఇందులో పసుపు వేయాలని ఉంది. “అత్తయ్యా, దుగ్గిరాల పసుపు మన పక్కనే ఉంది, దాని సారం వేస్తే పేరుకు పేరు, గుణానికి గుణం కదా” అంది. గుణాన్ని కాదనలేను గానీ, కర్క్యుమిన్ క్షార గుణమున్న మాధ్యమంలో ఎరుపుకు తిరుగుతుంది, వెలుతురు తగిలితే క్షీణిస్తుంది, దిండు గలీబులకు అంటితే వదలదు. కలబంద గుజ్జు, పాల మీగడ, గులాబీ రేకుల కషాయం వంటి పెరటి సరుకులను కూడా ఇప్పటికి దూరంగానే ఉంచాను. వాటితో పాటు సూక్ష్మజీవులు, లవణాలు, చక్కెరలు వస్తాయి; పునాది నిలవకముందే వాటిని చేర్చితే రేపు క్రీము చెడినప్పుడు ఏది చెడగొట్టిందో చెప్పే దారి ఉండదు.

మార్చి, రెండో వారం

సబ్బును పక్కన పెట్టి, పీహెచ్‌తో పేచీ లేని, విద్యుదావేశం లేని నాన్‌అయానిక్ ఎమల్సిఫయర్ల వైపు వచ్చాను. ఏది ఎంత వేయాలన్నదానికి 1949లో విలియం గ్రిఫిన్ ప్రతిపాదించిన, నీటి వైపూ నూనె వైపూ మొగ్గును తూచే హెచ్‌ఎల్‌బీ సంఖ్యలే నేటికీ మొదటి ఆధారం. నీటిని ఇష్టపడే గుణం ఎక్కువగా ఉన్న ఎమల్సిఫయర్‌కు పెద్ద సంఖ్య, నూనెను ఇష్టపడేదానికి చిన్న సంఖ్య ఉంటాయి. ప్రతి నూనెకూ అది నీటిలో నిలవడానికి కావలసిన సంఖ్య ఒకటి ఉంటుంది.

నా నూనె భాగంలో నువ్వుల నూనె 8 గ్రాములు, లైట్ లిక్విడ్ పారాఫిన్ 6 గ్రాములు, మైనంలాంటి సెటైల్ ఆల్కహాల్ 2 గ్రాములు ఉన్నాయి. వీటికి కావలసిన సంఖ్యలను వరుసగా 7, 10, 15గా తీసుకుంటే, 56, 60, 30 కలిపి 146 వస్తుంది; దాన్ని 16తో భాగిస్తే సుమారు 9.1. నేను ఎంచుకున్న ఎమల్సిఫయర్ల జంటలో స్పాన్ 60 సంఖ్య 4.7, ట్వీన్ 60 సంఖ్య 14.9. రెండూ కలిపి 4 గ్రాములు వేయదలచుకుంటే, 9.1 రావడానికి ట్వీన్ 1.7 గ్రాములు, స్పాన్ 2.3 గ్రాములు కావాలి. ఒకే ఎమల్సిఫయర్ సరైన సంఖ్యతో దొరికినా దానికన్నా ఇలాంటి జంటనే ఎంచుకోవడానికి కారణం ఉంది. స్పాన్ అణువులు నూనె వైపు నుంచి, ట్వీన్ అణువులు నీటి వైపు నుంచి వచ్చి నూనె బొట్టు ఉపరితలం మీద ఒకదాని సందుల్లో ఒకటి ఇమిడి దట్టమైన పొరను కడతాయి.

తయారీ క్రమాన్ని ఇక్కడే రాసిపెట్టుకుంటున్నాను. నూనె భాగాన్నీ నీటి భాగాన్నీ వేరువేరుగా 75 డిగ్రీలకు తెచ్చి ఇరవై నిమిషాలు అక్కడే ఉంచాలి. రెండింటిలో ఒకటి చల్లగా ఉంటే తగిలిన చోటే సెటైల్ ఆల్కహాల్ గడ్డకట్టి, తరవాత ఎంత చిలికినా పోని పలుకులుగా మిగులుతుంది. నీటి భాగంలోకి నూనెను సన్నని ధారగా పోస్తూ బ్లెండర్ తల పూర్తిగా మునిగేలా ఏటవాలుగా పట్టుకుని, ఆపి ఆపి రెండు మూడు నిమిషాలు చిలకాలి. తల కాస్త పైకి తేలినా గాలి చొరబడుతుంది. గాలి బుడగలతో ఉబ్బిన క్రీము సీసాలో నిండుగా కనిపిస్తుంది గానీ కొన్నాళ్ళకు కుంగుతుంది. 50 డిగ్రీల కిందికి వచ్చాక బ్లెండర్‌ను తీసేసి గరిటెతో నెమ్మదిగా తిప్పుతూ చల్లార్చాలి, ఎందుకంటే అప్పుడే కట్టుకుంటున్న నిర్మాణాన్ని వేగంగా చిలికితే అది తిరిగి అంత బాగా అతకదు. చివరగా పాత్రను తూచి, ఆవిరైపోయిన నీటిని అంతే బరువు పోసి భర్తీ చేయాలి. ఈ ఆఖరి పనిని చాలామంది వదిలేస్తారు. ఒక తడవ చేసిన క్రీముకూ మరో తడవ చేసినదానికీ పొంతన కుదరకపోవడానికి సగం కారణం అదే.

మార్చి, నెలాఖరు

గది అల్మరాలో ఉంచిన సీసా చెక్కుచెదరలేదు. థర్మోకోల్ పెట్టెలోని సీసా అడుగున మాత్రం వేలెడు మందాన పలుచని, తెల్లబారిన నీరు చేరింది, పైన క్రీము చిక్కబడింది. రెండూ ఒకే గిన్నెలోవి.

ఇక్కడ తొందరపడి క్రీము విరిగిందని రాసుకోకూడదు. పాల మీద మీగడ తేలినట్టు నూనె బొట్లు బొట్లుగానే పైకి చేరడం ఒకటి, బొట్లు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవై చివరికి నూనెగా విడిపోవడం మరొకటి. మొదటిదాన్ని కదిపితే తిరిగి కలుస్తుంది, రెండోదాన్ని కలపలేం. మందు కూడా రెండింటికీ వేరు. తేడాను కన్ను చెప్పలేదు కనుక నమూనాను గుంటూరు పంపాను. నీటిలో కరిగే మెథిలీన్ బ్లూ రంగు చుక్క కలిపి చూస్తే బయటి నీరంతా నీలమై, నూనె బొట్లు రంగు లేకుండా గుండ్రంగా కనిపించాయి. అంటే నీటిలో నూనె ఉండే రకం అలాగే ఉంది, తలకిందులు కాలేదు. నాలుగు వందల రెట్లు పెద్దవి చేసి చూసినా, తయారైన నాటి బొట్లకూ పెట్టెలోంచి తీసినవాటికీ పరిమాణంలో చెప్పుకోదగిన తేడా లేదు. చాలా బొట్లు అయిదు నుంచి పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసంతో ఉన్నాయి. కనుక ఎమల్సిఫయర్ పొర గట్టిగానే ఉంది, వేడిలో బొట్లు కేవలం పైకి లేచాయి.

1851లో జార్జ్ స్టోక్స్ ఇచ్చిన సూత్రం ప్రకారం బొట్టు పైకి లేచే వేగం దాని వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, చుట్టూ ఉన్న ద్రవపు చిక్కదనాన్ని బట్టి తగ్గుతుంది. నువ్వుల నూనె సాంద్రత 0.92 అనుకుని లెక్క వేస్తే, పది మైక్రాన్ల బొట్టు ఉత్త నీటిలో గంటకు దాదాపు 16 మిల్లీమీటర్లు లేస్తుంది, రెండు మైక్రాన్ల బొట్టు 0.6 మిల్లీమీటర్లే లేస్తుంది. క్రీములో బొట్లు కిక్కిరిసి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, నీరు కూడా ఉత్త నీరు కాదు, అయినా దిశ స్పష్టమే. బొట్లను ఇంకా చిన్నవి చేయాలి, బయటి నీటిని చిక్కబరచాలి. అది కూడా 45 డిగ్రీల దగ్గర చిక్కగా ఉండేలా చేయాలి. ఆ చివరి షరతు దగ్గరే నెల గడిచింది.

ఏప్రిల్

చిక్కదనం కావాలంటే ఎవరికైనా ముందు తోచేది మైనపు పదార్థాలను పెంచడం. సెటైల్ ఆల్కహాల్‌ను 2 నుంచి 5 గ్రాములకు పెంచి, ఎమల్సిఫయర్ల లెక్కను దానికి తగ్గట్టు తిరగవేసి చేశాను. మర్నాటికి క్రీము గరిట నిలబడేంత గట్టిగా అయింది. సెటైల్ వంటి కొవ్వు ఆల్కహాల్, ఎమల్సిఫయర్, నీరు కలిసి బొట్ల మధ్య పొరలు పొరలుగా ఒక జాలాన్ని అల్లుతాయి, ఆ అల్లిక చల్లారాక కూడా ఒకటి రెండు రోజులు సాగుతుంది. అందుకే క్రీము తుది రూపాన్ని అదే రోజు నిర్ణయించకూడదు. కానీ వారాలు గడిచేకొద్దీ అల్మరాలోని సీసాలో సైతం ఆ గట్టిదనం సడలి, పైన ముత్యపు మెరుపు తేలింది. ఒక్క సెటైల్ ఆల్కహాల్‌తోనే అల్లిన జాలానికి ఇది తెలిసిన జబ్బే: నీటిని పట్టుకున్న రూపం నుంచి అది మెల్లగా స్ఫటిక రూపానికి జారుతుంది. సెటైల్, స్టియరైల్ రెండూ కలిసిన సెటోస్టియరైల్ ఆల్కహాల్‌తో చేస్తే పొడవు సమానంగా లేని గొలుసులు స్ఫటికంగా పేర్చుకోలేక జాలం ఎక్కువ కాలం నిలుస్తుంది. దానికి మార్చాను, మెరుపు మళ్ళీ కనిపించలేదు.

పెట్టెలో పెట్టిన సీసా కథ మాత్రం మారలేదు. శుద్ధమైన సెటైల్ ఆల్కహాల్ 49 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 45 అంటే దాని గుమ్మం దగ్గరికి వచ్చినట్టే, నూనెలో కరిగిన భాగం అయితే ఇంకా ముందే మెత్తబడుతుంది. మైనంతో తెచ్చిన గట్టిదనం శీతకాలంలో కొండలా కనిపించి, ఎండాకాలంలో సరిగ్గా అవసరమైన వేళకు చేజారుతుంది. పైగా అంత మైనం ఉన్న క్రీము రాస్తున్నప్పుడు చర్మం మీద తెల్లని నురగ చారికలు కట్టింది. బజారులో క్రీమును కొనేవారు సీసాను తలకిందులు చేసి చూసి, జారకపోతే మంచిదనుకుంటారు. గట్టిగా ఉండడం వేరు, నిలకడగా ఉండడం వేరు. పాలలా పోయగలిగే లోషన్ ఏళ్ళ తరబడి నిలవవచ్చు, వెన్నముద్దలాంటి క్రీము వారంలో నీరు కారవచ్చు.

హెచ్‌ఎల్‌బీ లెక్కలో కూడా వేడికి చోటు లేదన్నది ఇక్కడే గుర్తు చేసుకోవాలి. ట్వీన్ అణువులోని ఇరవై ఇథిలీన్ ఆక్సైడ్ ముక్కలు నీటిని పట్టుకుని ఉంటాయి, వేడి పెరిగేకొద్దీ ఆ పట్టు సడలి అణువు నూనె వైపు మొగ్గుతుంది. ఒక ఉష్ణోగ్రత దాటితే ఎమల్షన్ తలకిందులవుతుంది. జపాన్ శాస్త్రవేత్త కోజో షినోడా 1960లలో ఈ ఉష్ణోగ్రతనే కొలమానంగా తీసుకున్నాడు. నా మిశ్రమం 45 దగ్గర తలకిందులు కావడం లేదని రంగు పరీక్ష చెప్పింది గానీ, 9.1 అన్న సంఖ్యను వేదవాక్యంగా పట్టుకు కూర్చోవడానికి వీల్లేదని కూడా తేలింది. ట్వీన్ పాలును కొద్దిగా పెంచి 9.8 దగ్గర చేసిన క్రీములో బొట్లు ఇంకా సన్నగా వచ్చాయి. దాన్నే ఖాయం చేశాను.

మే, మొదటి పక్షం

బయటి నీటిని చిక్కబరచే పనిని గంజి గుణమున్నదానికి అప్పగించాలి. కార్బొమర్ అందమైన జెల్‌నిస్తుంది గానీ ఉప్పు తగిలితే కూలిపోతుంది. చర్మం మీది చెమట చాలు దాన్ని నీరు కార్చడానికి. క్సాంథన్ గమ్ చిక్కదనం వేడికి పెద్దగా తగ్గదు, లవణాలకు బెదరదు, కదలకుండా ఉన్నంతసేపూ బొట్లను పట్టి ఉంచి వేలితో తీస్తే పలుచబడుతుంది. 0.3% వేశాను. నేరుగా నీటిలో చల్లితే బయట జిగురు, లోపల పొడి ఉన్న ఉండలు కడుతుంది కనుక ముందు గ్లిజరిన్‌లో తడిపి ముద్దలా చేసి, ఆ ముద్దను నీటిలో కలపాలి. 0.5% వేసినది రాసుకున్నప్పుడు బంకగా సాగింది. సెటోస్టియరైల్ ఆల్కహాల్‌ను 3 గ్రాముల దగ్గర ఆపాను; క్రీము దిట్టంగా ఉండడానికి కొంత మైనం, నిలకడకు గమ్. అల్మరాలోనిది చూడడానికి ఏప్రిల్ క్రీము కన్నా పలుచన. పెట్టెలోనిదాని అడుగున నీరు లేదు. సెంట్రిఫ్యూజులో నిమిషానికి మూడు వేల చుట్ల మీద అరగంట తిప్పినా విడిపోలేదని గుంటూరు నుంచి కబురు వచ్చింది.

ప్రిజర్వేటివ్ విషయంలో వాదనకు తావు లేదు. నీరున్న క్రీము తడి గాలిలో, వేళ్ళు ముంచే సీసాలో ఉంటే అది సూక్ష్మజీవులకు అన్నం. ప్రిజర్వేటివ్ లేదని గొప్పగా చెప్పుకునే ఇంటి క్రీములను చూస్తే నాకు భయమే. నూనె కంపు కొట్టకుండా విటమిన్ ఇ కాపాడుతుంది గానీ బూజును ఆపలేదు; చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. పొటాషియం సార్బేటు చవక, కానీ దానిలో పనిచేసే రూపం పీహెచ్ 5 దగ్గర మూడో వంతుకు పైగా ఉంటే 6 దగ్గర ఇరవయ్యో వంతే. పారాబెన్లనే ప్రిజర్వేటివ్లను ట్వీన్ వంటి ఎమల్సిఫయర్లు తమలో బంధించి బలం తగ్గిస్తాయి. అందువల్ల పీహెచ్‌ను 5.5కు తెచ్చి, ఫీనాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ మిశ్రమాన్ని 1% పాలున, క్రీము 40 డిగ్రీలకు చల్లారాక కలిపాను. అది కూడా నూనె లక్షణమున్న ద్రవమే కనుక ఎమల్షన్‌ను కొంత కదిలిస్తుంది. చేర్చాక పలుచబడిందేమో చూడకుండా ముందుకు వెళ్ళకూడదు. నిజంగా కాపాడుతుందా లేదా అన్నది సూక్ష్మజీవులను కావాలని వేసి చూసే ఛాలెంజ్ టెస్టు చెప్పాలి. అది ఇంట్లో చేసేది కాదు, నమూనా ల్యాబుకు వెళ్ళింది.

మే, నెలాఖరు: రోహిణి

సీసాలను మూడు చోట్ల పెట్టాను: రేకుల గదిలో, పెట్టెలో, రోజు మార్చి రోజు ఫ్రిజ్‌కూ పెట్టెకూ మారే చోట. ఈ మారడమే అన్నిటికన్నా కఠినం, ఎందుకంటే కరిగి గడ్డకట్టే ప్రతిసారీ మైనపు స్ఫటికాలు బొట్ల పొరను గీరుతాయి. ఇవి కాక కొన్ని సీసాలు మేనకోడలి సంచిలో మంగళగిరి మీదుగా గుంటూరుకు ఆర్టీసీ బస్సులో మధ్యాహ్నపు ఎండలో వెళ్ళి వచ్చాయి. కుదుపు, వేడి కలిసిన ఆ ప్రయాణాన్ని ఏ యంత్రమూ అంత చవకగా చూపించలేదు. రేకుల గదిలోని క్రీము మధ్యాహ్నానికి లోషన్‌లా జారింది, రాత్రికి తిరిగి గట్టిపడింది, నీరు మాత్రం వదలలేదు. మైక్రోస్కోపు కింద బొట్లు ఎక్కువగా రెండు మూడు మైక్రాన్ల దగ్గరే ఉన్నాయి. ఫ్రిజ్‌కూ పెట్టెకూ మారిన సీసాలో వేలికి తగిలీ తగలని పలుకులు కొన్ని కనిపించాయి. అవి స్పాన్ 60వా, సెటోస్టియరైల్‌వా అన్నది తేల్చడానికి ఒక్కొక్కదాన్ని సగం గ్రాము చొప్పున తగ్గించి రెండు నమూనాలు చేసి పెట్టాను.

దుకాణానికి ఇమ్మని అడిగేవారు అప్పుడే తయారయ్యారు. ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం 1940, దాని కింద వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం అమ్మకానికి తయారు చేయాలంటే రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి అనుమతి ఉండాలి. వంటింటి బల్ల మీద చేసినదానికి అది రాదు. ఇంట్లోవాళ్ళకు సైతం మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూశాకే ఇస్తున్నాను.

తరువాతి పని అర కిలో నుంచి అయిదు కిలోలకు వెళ్ళడం. పెద్ద పాత్ర నెమ్మదిగా చల్లారుతుంది, అంచున గడ్డకట్టేటప్పటికి నడుమ ఇంకా ద్రవంగానే ఉంటుంది, జాలం అల్లుకునే తీరు మారుతుంది. పాత్ర చుట్టూ తొట్టెలో నీరు నింపి, 60 నుంచి 40 డిగ్రీల వరకు నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దించుతూ, అంచును గీకే గరిటెతో తిప్పాలని అనుకుంటున్నాను. తొట్టె కోసం ఆటోనగర్‌లో ఒక వెల్డింగు పనివాడికి కొలతలు ఇచ్చాను.